అక్క చదివిన జపాను ఆట

మా అక్కంటే నాకు అసూయ. ఈ మాట పైకి అనడానికి నలభై దగ్గర పడాల్సి వచ్చింది. ఆమె రంగు మీదో, జడ మీదో అయితే ఎప్పుడో పోయేది. నా అసూయ ఆమెకు చదవడం వచ్చిన ఒక భాష మీద. ఆ భాష ఆమెకూ రాదని తెలిశాక తగ్గాలి కదా, తగ్గలేదు.

నాయన చిత్తూరులో మామిడికాయల మండీలో పనిచేసేవాడు. ఒకసారి లోడు వెంట మెడ్రాసు పోయి, బర్మా బజారులో టీవీకి తగిలించుకునే ఆటపెట్టె ఒకటి పాతది కొనుక్కొచ్చాడు. దాంతో పాటు ఒకే ఒక్క సీడీ. అందులో ఉన్నది కొట్టుకునే ఆట కాదు, కార్ల ఆటా కాదు. ఒక కుర్రవాడు ఊరూరూ తిరుగుతాడు. దారిలో మనుషులు ఎదురై మాట్లాడతారు, కొందరు వెంట నడుస్తారు, దయ్యాలొస్తే మనమొక దెబ్బ, అవొక దెబ్బ, వంతులవారీగా యుద్ధం. మాటలన్నీ తెర అడుగున అక్షరాలుగా వస్తాయి. అవి జపాను అక్షరాలని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఇది పాత అరవం మే. మెడ్రాసులో కొన్నది ఇంగేం బాసలో ఉంటాది?" అంది అక్క.

అక్కకు పన్నెండేళ్లు, నాకు ఎనిమిది. పక్కింటి అరవ పిన్నమ్మ దగ్గర ఒక వేసవంతా కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. చిత్తూరు బస్టాండులో వేలూరు బస్సుల బోర్డులు గడగడా చదివేసేది. పిన్నమ్మ నన్నూ రమ్మంది. నేను గోడ దూకి పారిపోయాను. ఆ దూకుడుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆటలో మొదటి ఊళ్లో ఒక సత్రం వచ్చింది. తెర మీద డబ్బా లాంటి అక్షరం, పక్కన గొళ్లెం లాంటి అక్షరం. "ఇది ప, ఇది డు. పడు. అరవంలో పడు అంటే పండుకోమని," అని అక్క మీట నొక్కింది. తెర నల్లబడింది, జోలపాట లాంటిదేదో మోగింది, ఆటలో తెల్లారింది, అందరూ మంచాలు దిగి నిలబడ్డారు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ రోజు నుంచి అక్క చెప్పిందే వేదం.

కుర్రవాడు కార్వేటినగరం రాజుగారి మనవడట. కోట కూలిపోయాక తాతగారి కత్తి పట్టుకుని మామిడితోటల వెంబడి బయలుదేరాడట. గడ్డం ముసలాయన మేనమామ. పచ్చ తలపాగా చుట్టుకుని బాణాలు వేసే అమ్మాయి ఆ మేనమామ కూతురు, పైకి కసురుకుంటుంది గానీ మనసంతా వీడి మీదే. సగం ఆటలో మంచు వంతెన మీద ఆ అమ్మాయి పడిపోయింది. ఆ తర్వాత మా జట్టులో ఆమె బొమ్మే లేదు. నేను ఏడుపు లంకించుకున్నాను. అక్క తెర మీది రెండు వరసలూ తాపీగా చదివి, "వేలూరు పెద్దాసుపత్రికి తీసకపోయినారంట. బాగైనాక వస్తాదిలే" అంది. మా చుట్టాల్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా తీసుకుపోయేది వేలూరికే. నాకు అనుమానం రాలేదు. ఆట అయిపోయేదాకా ఆమె కోసం కాచుకుని ఉన్నాను.

వీధిలో పిల్లలందరూ మా ఇంట్లోనే ఉండేవారు. ఆట చూడటానికని కాదు, అక్క చదువుతుంటే వినడానికి. నాకు కడుపు మండిపోయేది. ఒకనాడు ఆమె బడి నుంచి రాకముందే నేనొక్కదాన్నే పెట్టె వేసుకుని ఆ మనుషుల ముందే నిలబడ్డాను. అవే పెదవులు, అవే అక్షరాలు. నాతో ఒక్కరూ ఒక్క ముక్కా మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు చిత్తూరు కోర్టు ఎదురుగా టైపింగు, జిరాక్సు అంగడి ఉంది. పోయిన నెల ఫోనులో ఒక వార్త కనిపించింది. పాత జపాను ఆట ఒకటి కొత్త బొమ్మలతో మళ్లీ తీస్తారని పుకారు. తీసేవాళ్లు అవుననలేదు, కాదనలేదు. కింద బొమ్మలో పచ్చ తలపాగా. మా ఆటే అది. దాని కింద ఎక్కడెక్కడి దేశాల వాళ్లో మా చిన్నప్పటి ఆట, మా ఆట అని రాసుకుంటున్నారు. వీళ్లెవరు మధ్యలో అని ఒళ్లు మండింది.

ఆ ఆటే ఇంగ్లీషు మాటలతో కూడా ఎప్పుడో వచ్చిందని వాళ్ల రాతల్లోనే తెలిసింది. సంపాదించాను. అంగట్లో బేరం లేనప్పుడల్లా కంప్యూటరులో ఆడాను. మూడు వారాలు పట్టింది. కుర్రవాడు రాజుగారి మనవడు కాడు, సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాడు. గడ్డం ముసలాయన వాడి ఊరు తగలబెట్టించిన దళపతి. సత్రంలో రాసింది పడు కాదు, లోపలికి రమ్మని. మంచు వంతెన మీద అమ్మాయి చచ్చిపోయింది. ఉన్నమాట చెప్తాను, నాకు సంతోషమే కలిగింది. ఇన్నేళ్లకు అక్క దొరికిపోయింది.

ఆ ఆదివారమే తిరుపతి బస్సెక్కాను. అక్క అక్కడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నీళ్లు తాగీ తాగకముందే అనేశాను.

"అక్కా, ఆ ఆట అరవం కాదు. జపాను బాస."

"అరవం కాదని తెలుసు మే," అంది, సూదిలో దారం ఎక్కిస్తూనే. "రెండో దినమే పిన్నమ్మకు సూపించినా. ఇది మా బాస కాదు పాపా అని నవ్వేసింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అట్ట నోరు తెరుసుకోని సూస్తా ఉంటే యాడ చెప్పేది?" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

నా చేతిలో ఇంకొకటి మిగిలి ఉంది. "ఆ తలపాగా అమ్మాయి వేలూరికి పోలేదక్కా. ఆడనే..."

"వొద్దు." మిషను ఆపేసింది. "చెప్పొద్దు మే. ఆ పిల్ల నాకింకా వేలూర్లోనే ఉండాది."

ఆమె ముఖం చూస్తే నాకు మళ్లీ అదే కడుపుమంట. ఈ మూడు వారాలుగా కార్వేటినగరం మనవణ్ణి తలుచుకుందామంటే ఇంగ్లీషు వాక్యం అడ్డమొస్తోంది. మేనమామ అనుకోబోతే దళపతి లేచి నిలబడుతున్నాడు. అక్క తలలో మాత్రం వాడింకా మామిడితోటల వెంబడి నడుస్తూనే ఉన్నాడు. ఆమె కథ ఆమె దగ్గర భద్రంగా ఉంది. నాది నేనే చేజేతులా పాడుచేసుకున్నాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఊళ్లో అందరికీ దొరికేదే.

ఏదో ఒకటి అనాలని కొత్త ఆట పుకారు చెప్పాను. అక్క కళ్లు పెద్దవయ్యాయి.

"జపాను బాసలో గూడా వస్తాదా?"

"వస్తే ముందు దాంట్లోనే వస్తాది."

"అయితే అదే తెప్పియ్యి మే. ఇంగ్లీసుది వొద్దు."

"తెప్పిస్తాలే. ఇద్దరం కూసోని ఆడుదాం."

అక్క నన్ను చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో. జాకెట్టు మళ్లీ మిషను కిందికి జరుపుకుంది.

"నువ్వొద్దులే," అంది. "నీకు సదవను వచ్చేసింది గదా."