పోశాలు నడిచిన శుక్రవారం

సౌదీలో రోజూ జొన్నరొట్టె తింటున్నానని ఫోన్లో చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "ఎడారిల జొన్నలేడివిరా భూమేషూ," అని నవ్వారు. వాళ్ల తప్పేం లేదు. జెద్దాలో ఏసీలు బిగించుకుంటూ ఏళ్లు గడిపిన నాకే, కంపెనీ నన్ను జిజాన్ పంపేదాకా ఆ సంగతి తెలియదు.

జెద్దా నుంచి దక్షిణానికి సముద్రం వెంటే పోతుంటే చాలాసేపు ఇసుకే. ఎడమచేతి వైపు దూరంగా కొండలు, కుడివైపు సముద్రం కనపడీ కనపడక. దర్బ్ అనే ఊరు దాటాక గాలి మారుతుంది. కిటికీ అద్దం దించితే ముఖం మీద తడిబట్ట కప్పినట్టుంటుంది. ఆ వెంటనే పచ్చదనం. జొన్నచేలు, అరటి, బొప్పాయి, మామిడితోటలు. పైన కొండల మీద వాన పడితే వాగులన్నీ ఇటే దిగుతాయి. అవి తెచ్చిపోసిన ఒండ్రు మట్టి మీదే ఈ సీమ బతుకుతోంది. ఉక్కపోతకు మాత్రం కొదవ లేదు. పొద్దున వేసుకున్న చొక్కా పది గంటలకల్లా ఒంటికి అంటుకుపోతుంది.

దేవన్నను నేను కలిసింది నూనె కోసం పోయి. సబ్యా ఊరు దాటినాక మామిడితోటల మధ్య ఒక ఒంటె గానుగ ఉందని, తాజా నువ్వుల నూనె దొరుకుతుందని క్యాంపులో ఎవరో చెప్పారు. సీసా పట్టుకుని పోయాను. మట్టిగోడల కొట్టం, పైన ఆకుల కప్పు. నడుమ చెట్టు మొద్దును తొలిచిన పెద్ద రోలు, అందులో ఒరిగి ఉన్న రోకలి, దాని దూలానికి కట్టిన ఒంటె. ఒంటె కళ్ల మీద ఈతాకుతో అల్లిన చిన్న బుట్టలు. అదే దాని గంతలు. అది తిరుగుతుంటే కిర్రు, కిర్రు అని చప్పుడు. వెనకాలే తలకు తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి.

"నడువ్ పోశాలూ. నడువ్ బిడ్డా. నీకేం తొందర లేదు, నాకేం తొందర లేదు."

ఆ మాటలు విని గుమ్మంలోనే నిలబడిపోయాను.

"కాకా, ఏ ఊరు మనది?"

ఆయన ఆగలేదు. ఒంటె వెంట ఒక చుట్టు తిరిగి నా ముందుకు వచ్చాక, "కోరుట్ల పక్కపొంటి. నీది?" అన్నాడు.

"మెట్‌పల్లి," అనేలోపే అవతలికి పోయాడు. ఇంకో చుట్టు తిరిగి వచ్చాడు. "ఎంత దగ్గర రా కొడుకా! కూసో, కూసో."

ఆ రోజు మా మాటలన్నీ చుట్టుకో ముక్కగానే సాగాయి. తర్వాత ప్రతి సాయంత్రం పని దిగగానే అటే పోవడం అలవాటైంది.

దేవన్న వాళ్లు గాండ్లవాళ్లు. వాళ్ల నాయనకు ఎద్దుగానుగ ఉండేది. ఊళ్లో కరెంటు మిల్లు పెట్టాక దాన్ని ఆపేశారు. రోలు పొయ్యిలోకి పోయింది, ఎద్దు అంగడికి పోయింది. "ఎద్దును తోలుకపోయిన దినం మా నాయన ఇంట్ల లేడు. చూడలేక పొద్దుగాలనే చెల్కకు పోయిండు," అన్నాడు. దేవన్న గల్ఫ్ వచ్చింది మామిడితోటలో కూలీగా. ఇక్కడ ఉండడానికిచ్చే అకామా కార్డులో ఇప్పటికీ వ్యవసాయ కూలీ అనే ఉంది. గానుగ నడిపే యెమెన్ ముసలాయన తన దేశం వెళ్లిపోయినప్పుడు, వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్, తోట యజమాని అబూ యహ్యా తోటలోని మనుషుల్ని నిలబెట్టి, "ఇది ఎవరికొచ్చు?" అని అడిగాడట.

"నేను మాట్లాడలే కొడుకా. పోయి రోకలి మీద చెయ్యి ఏసిన. గంతే. మా నాయన పక్కకొచ్చి నిలవడ్డట్టు అయింది."

ఆ తర్వాతే ఈ ఒంటె పిల్లగా వచ్చింది. అబూ యహ్యా దానికి ముబారక్ అని పేరు పెట్టాడు. దేవన్న పోశాలు అన్నాడు. ఎవరు ముబారక్ అని పిలిచినా అది చెవి కూడా కదపదు.

"పోశాలెవరు కాకా?"

"నా చిన్నప్పటి దోస్తు. గిట్లనే పొడుగు మెడ, గిట్లనే ఎప్పుడు జూడు నములుడు."

ఇప్పుడు దేవన్న మోకాళ్లు అరిగిపోయాయి. రోజంతా గుండ్రంగా నడిచే పనికి అవి ఇక ఒప్పుకోవు. ఖురూజ్ పడింది, అంటే ఇక తిరిగిరాని ప్రయాణం. వచ్చే వారమే విమానం. ఇంటి దగ్గర నుంచి ఆయన భార్య ముత్యవ్వ చిన్నమ్మ రోజూ ఫోన్ చేసి, "ఒంటెను కూడ ఎంట తెస్తవా, నువ్వొక్కనివే వస్తవా?" అని దెప్పుతోంది.

ఆయన చోటికి షాకీర్ వచ్చాడు. బంగ్లాదేశ్ వాడు, నలభై దాటినవాడు, అదే తోటలో మంచి పనిమంతుడు. నువ్వులు ఎంత పోయాలో, నీళ్లు ఎప్పుడు చిలకరించాలో, నూనె ఎట్లా వడకట్టాలో దేవన్న అంతా నేర్పాడు. షాకీర్ అంతా నేర్చుకున్నాడు. ఒంటె మాత్రం అతనికి నడవలేదు.

మొదటిరోజు నేను అక్కడే ఉన్నాను. షాకీర్ గంతలు కట్టాడు, దూలం తగిలించాడు, వెనక నిలబడి అదిలించాడు. పోశాలు రాయిలాగ నిలబడింది. దేవన్న లేచి వెళ్లి, గంతలు విప్పి, దాని మూతి నిమిరి, ఏదో గొణిగి, మళ్లీ కట్టాడు. కిర్రు, కిర్రు.

"ఇది తెలుగు ఒంటె భాయ్," అన్నాడు షాకీర్ హిందీలో. "నాకు తెలుగు నేర్పండి."

నేర్పాము. రెండు రోజులు తోటంతా, "నొడువ్ బిడ్డా, నొడువ్," అంటూ తిరిగాడు పాపం. ఒంటె దగ్గరికెళ్లి అదే అన్నాడు. అది నములుతూ నిలబడింది. షాకీర్ ఈసారి దేవన్న చొక్కా తొడుక్కుని వచ్చాడు. పోశాలు చొక్కాను వాసన చూసింది, సగం చుట్టు తిరిగింది, ఆగింది. మోసం తెలిసిపోయినట్టు ఉమ్మింది కూడా. నా ఫోన్లో దేవన్న గొంతు రికార్డు చేసి షాకీర్ జేబులో పెట్టాం. ఒంటె ఆ జేబును వదిలేసి, గుమ్మం దగ్గర కూర్చున్న దేవన్న వైపు మెడ తిప్పింది. గంతలున్నా సరే.

ఇవన్నీ చూసి అందరం నవ్వాము. అబూ యహ్యా నవ్వలేదు. ఇక్కడి అలవాటు ప్రకారం మల్లెల దండ తలకు చుట్టుకునే ఆ ముసలి కఫీల్ మంచివాడు. సాయంత్రాలు మాతో కూర్చుని, నూరేళ్ల కింద సబ్యాలో కూర్చుని ఇద్రీసీ రాజులు ఈ తీరాన్ని ఎట్లా ఏలారో, తన తాత వాళ్ల గుర్రాలకు జొన్నలు ఎట్లా మోశాడో చెప్పేవాడు. ఆ రోజు మాత్రం గోడకు ఆనుకుని మెల్లగా అన్నాడు:

"దేవన్నా, నా కొడుకులు మోటారు గానుగ కొందామంటున్నారు. నేనే ఆపుతున్నాను. కానీ నడవని ఒంటెను ఎందుకు మేపుతున్నావని అడిగితే నేనేం చెప్పను? శుక్రవారం దాకా చూస్తాను. ఆ సాయంత్రం సంతమనిషి వస్తాడు."

సంతమనిషి అంటే కసాయి దుకాణాలకు ఒంటెల్ని తోలేవాడు. దేవన్నకు అది నేను అనువాదం చేయాల్సిన పని లేదు.

ఆ రాత్రికి ఆయన అన్నం ముట్టలేదని షాకీర్ చెప్పాడు.

గురువారం అబూ యహ్యాయే నన్ను పక్కకు పిలిచాడు. "ఈయన గుమ్మంలో కూర్చున్నంతసేపూ అది ఈయన కోసమే చూస్తుంది. రేపు ఎక్కడికైనా తీసుకెళ్లు. సముద్రం దాటించు," అన్నాడు.

దేవన్నను కదిలించడానికి నాకు ముత్యవ్వ చిన్నమ్మ సాయం కావాల్సి వచ్చింది. జిజాన్ ఎదురుగా సముద్రంలో ఫరసాన్ దీవులున్నాయి. ఒకప్పుడు ముత్యాల వేటకు పేరు మోసినవి. ఆమె పేరులోనే ముత్యం ఉందాయె. "ఇన్నేండ్లున్నవు, ముత్తేల ఊరు ఒక్కనాడన్న చూడకపోతివి. నాకేం జెప్తవు వచ్చి?" అని ఫోన్లో గట్టిగానే అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు, ముఖం మాడ్చుకునే.

తెల్లవారకముందే బయలుదేరి ఓడ ఎక్కాము. గంట పైచిలుకు ప్రయాణం. నీళ్లు మొదట బురదరంగు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం. రేవు వెనక్కి పోయింది, కొండలు పొగమంచులో గీతలాగ మిగిలాయి. అందరూ కడ్డీల దగ్గర ఫోటోలు దిగుతుంటే, దేవన్న బల్ల మీద కూర్చుని వెనక్కే చూస్తున్నాడు.

"ఇగ నువ్వులు పోసి ఉంటడు," అనేవాడు. కాసేపాగి, "ఇగ కట్టి ఉంటడు," అనేవాడు.

ఫరసాన్‌లో ముత్యాల వర్తకుల పాత ఇల్లు ఒకటుంది. సముద్రపు రాయితో కట్టి, గోడల నిండా సున్నంతో పువ్వులు, తీగలు చెక్కారు. గాలి తగిలినచోట అవి కొంచెం కొంచెం రాలిపోయాయి. ముత్యం కోసం ఊపిరి బిగబట్టి మునిగినవాళ్లెవరో, ఈ ఇంట్లో కూర్చుని వాటిని తూచినవాళ్లెవరో అని నేను గోడలు తడుముతూ తిరుగుతున్నాను. దేవన్న బయట అరుగు నీడలో కూర్చున్నాడు. చెమట తుడుచుకోవడానికి జేబులోంచి దస్తీ తీయబోయి, ఒక కాగితం పొట్లం తీశాడు.

"ఓర్నీ," అన్నాడు. "పోశాలుది నా దగ్గరనే ఉండిపాయె."

పొట్లంలో తెలకపిండి ముక్క ఉంది. నూనె పిండగా మిగిలిన నువ్వుల చెక్క, బెత్తెడంత.

"ఇదేంది కాకా?"

"పొద్దుగాల దానికి పెట్టేది. నిద్ర కండ్లతోటి అలవాటుగ జేబులేసుకున్న."

"రోజూ పెడతవా?"

"పెట్టక? అదేం అడుగుడు రా? గంతలు కట్టేముందట నోట్లె పెడ్తం. మా నాయన ఎద్దుకు గట్లనే పెట్టెటోడు. దినమంత చీకట్ల నడిపిస్తున్నమాయె. పెట్టి, జెర నిమిరి, తప్పు కాయు బిడ్డా అని కడుతం. అది నమిలినంక."

"షాకీర్‌కు చెప్పినవా?"

"ఏం జెప్పాలె? ఇది పనా? ఇది..." అని ఆగిపోయాడు. మూతి నిమిరి, ఏదో గొణిగి, మళ్లీ కట్టడం నేను ఎన్నిసార్లు చూశాను! చేతిలో ముక్క ఉందని నాకూ తట్టలేదు. నేర్పేటప్పుడు ఆయన పనంతా నేర్పాడు. పనికి ముందు చేసేది ఎవరికైనా తెలిసే ఉంటుందనుకున్నాడు.

"ఫోన్ కలుపు, ఫోన్ కలుపు," అన్నాడు. నేనే కలిపి, ఇద్దరికీ వినపడేట్టు స్పీకర్ పెట్టాను.

షాకీర్ ఏడుపు గొంతుతో ఎత్తాడు. "కాకా, ఇది కొండలాగ నిలబడింది. అబూ యహ్యా బాబా కూడా వచ్చి చూస్తున్నాడు. సంతమనిషికి ఫోన్ చేస్తానంటున్నాడు."

"చెయ్యొద్దను! గంతలు ఇప్పు ముందుగాల," అని దేవన్న తెలుగులోనే అరిచి, మళ్లీ హిందీలోకి దిగాడు. "మూల డబ్బాలో నువ్వుల చెక్క ఉంది. ఒక ముక్క తియ్యి. నోట్లో పెట్టు. అరచేతిలో పెట్టి ఇవ్వు, విసరకు."

"పొద్దున గడ్డి వేశాను కదా కాకా."

"గడ్డి వేరు రా నాయనా. చెప్పింది చెయ్యి."

అడుగుల చప్పుడు. డబ్బా మూత. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అరుగు మీద గాలికి ఇసుక జారుతోంది.

"తింటోంది," అన్నాడు షాకీర్ గుసగుసగా.

"నమలనీ. మింగినంక కట్టు. తప్పు కాయమని అడుగు."

"ఏ భాషలో?"

"నీ భాషల అడుగు. దానికి అన్నీ ఒకటే."

షాకీర్ ఏదో బంగ్లాలో అన్నాడు. చిన్న పిల్లను బడికి పంపేటప్పుడు అనే గొంతు అది. దేవన్న తువ్వాల కొస నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు.

కిర్రు.

ఆగింది.

కిర్రు. కిర్రు. కిర్రు.

ఫోన్లోనే అబూ యహ్యా "మాషాఅల్లా, మాషాఅల్లా" అనడం, చప్పట్లు కొట్టడం వినిపించాయి. "దేవన్నా! నడుస్తోంది నీ ఒంటె! సంతమనిషి వస్తే కాఫీ తాగించి పంపిస్తాను!"

నేను సంతోషం పట్టలేక దేవన్న భుజం కుదిపాను. ఆయన నవ్వుతున్నాడు. నవ్వుతూనే ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, స్పీకర్ ఆపి, చెవికి ఆనించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తల కొంచెం కొంచెంగా ఊగుతోంది, చుట్టుకో ఊపు.

"కాకా, ముబారక్ బాగా నడుస్తున్నాడు," అని షాకీర్ అనడం నాకు సన్నగా వినపడింది.

"ముబారక్ గాదు. పోశాలు," అన్నాడు దేవన్న. తర్వాత నాతో మెల్లగా, "ఎన్కకు మళ్లి చూసిందేమో అడుగుమంటవా కొడుకా?"

"అడుగు కాకా."

ఆయన అడగలేదు. "జెర నిదానంగ తిప్పుమని చెప్పు. మొదలు మొదలు ఉరికిస్తే దానికి కాళ్లు గుంజుతయి," అని ఫోన్ నాకిచ్చేశాడు.

ఆ పొట్లం ఇంకా ఒళ్లోనే ఉంది. ముక్కను రెండుగా విరిచి, సగం నాకిచ్చి, సగం తన నోట్లో వేసుకున్నాడు. కొంచెం చేదు, కొంచెం కమ్మదనం. ఇద్దరం నములుతూ కూర్చున్నాము. ఎదురుగా సముద్రం ఎండకు మెరుస్తోంది.

తిన్నాక దులుపుకుని, నా భుజం ఆసరాగా పట్టుకుని లేచాడు.

"పా. ముత్తేలోళ్ల ఇల్లు లోపల చూపియ్యి. ముత్యవ్వ అడిగితే ఏం జెప్పాలె నేను, ఒంటె ముచ్చట తప్ప?"