కొంచెం ప్రేమ కలపండి

"భయం బ్రహ్మాండంగా ఉందమ్మా. కొంచెం ప్రేమ కలపండి."

చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లో డైరెక్టరుగారి మాట వినపడగానే గొంతక్క తలూపి, ఒక గుక్క నీళ్ళు తాగి, మళ్ళీ మైకు ముందు నిలబడింది. చుట్టూ గోడలకు దళసరి మెత్తలు. ఎదురుగా చిన్న తెర. తెర మీద, గదిలో తలుపు పక్కన ముడుచుకుని కూర్చున్న అమ్మాయి. ఆమెను లోపల పెట్టి గడియ వేసినవాడే తలుపుకు అవతల నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. ఇప్పుడా అమ్మాయి "నేను బాగానే ఉన్నాను, మీరు ఏడవకండి" అనాలి. పెదవులు ఆ అమ్మాయివి, మాట గొంతక్కది.

భయంలో ప్రేమ కలపడమంటే పాలల్లో పంచదార కలిపినంత తేలిక కాదు. ఊపిరి సగమే తీసుకోవాలి. ఆ సగాన్నీ బయటికి పోనీకుండా గుండెల్లో పట్టుకోవాలి. మాట మొదలయ్యే ముందు పెదవి కొసను రవ్వంత పైకెత్తాలి. నవ్వు కంటికే కనపడుతుందని అందరూ అనుకుంటారు గానీ చెవికీ వినపడుతుంది. వణికే గొంతు మీద ఆ రవ్వంత నవ్వు పడిందా, వినేవాళ్ళకు అది ప్రేమలా వినపడి చస్తుంది. ఈ కిటుకు గొంతక్కకు ఎవరూ చెప్పలేదు, చేయగా చేయగా పట్టుబడింది.

ఆమె అసలు పేరు స్టూడియోలో ఎవరికీ గుర్తులేదు. మొదట్లో "పట్టుకోండి, పట్టుకోండి" అని అరిచే గుంపులో ఒక గొంతుగా వచ్చింది. తర్వాత కేకలకు పిలిచారు. దెయ్యాన్ని చూసి కెవ్వుమన్నా, శవాన్ని చూసి కెవ్వుమన్నా, కెవ్వు మాత్రం మన గొంతక్కదే. ఒకసారి మెత్తల గది తలుపు సరిగ్గా పడలేదు. ఆమె కేక విని కింద టీకొట్టాయన మరిగే గిన్నె వదిలేసి మెట్లెక్కి వచ్చేశాడు, ఎవరినో పొడిచేస్తున్నారనుకుని! ఇంట్లోనో, బొద్దింక కనపడినా నోరు పెగలదు మహాతల్లికి. "నా అరుపులన్నీ స్టూడియోకి అమ్మేశాను, ఇంటికేమీ మిగల్లేదు" అంటుంది.

భర్త దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే పడుకునే రకం. పొద్దున్నే భార్య గొంతు కోసం ఉప్పునీళ్ళు కాచి, గ్లాసు మీద మూత పెట్టి, వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంటాడు. అలాంటి మగాడి మీద సీరియల్ ఎవడు తీస్తాడు, మీరే చెప్పండి?

సీరియల్ తీసేది మచ్చబాబు మీద. అది జనం పెట్టిన పేరు. మెడ మీద కాలిన మచ్చ ఉంటుందతనికి, చిన్నప్పుడు సవతి తండ్రి పెట్టిన వాత. హీరోయిన్ ఏమో తల్లి వదిలేసి పోయిన పిల్ల. ఇద్దరివీ పచ్చి పుండ్లే. అతను ఆమె ఫోను పగలగొడతాడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు, ఆ వెంటనే ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని "నువ్వు కూడా వదిలేస్తావని భయం" అని ఏడుస్తాడు. పరభాషలో ఏమాత్రం ఆడిందో గానీ, మన మాటల్లోకి వచ్చాక ఊళ్ళకు ఊళ్ళే కళ్ళు తుడుచుకున్నాయి.

దర్జీ కొట్టుకు కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళు చేతులు చాపి నిలబడి మచ్చబాబు గురించే మాట్లాడేవాళ్ళు. ఒకరోజు గొంతక్క ఉండబట్టలేక అడిగేసింది.

"గదిలో పెట్టి గడియ వేసేవాణ్ణి చూసి ఏం మురిసిపోతారమ్మా?"

ఆ మాటకు ఒక నర్సమ్మ, నెమ్మదైన మనిషి, చాపిన చేతులు దించకుండానే జవాబు చెప్పింది. "మా ఆయనా అరుస్తాడమ్మా, పెళ్ళైన నాటి నుంచీ. ఎందుకు అరుస్తున్నాడో ఏనాడూ చెప్పలేదు. ఈ మచ్చబాబు అరిచాక ఎందుకు అరిచాడో చెప్తాడు. ఏడుస్తాడు కూడా. ఆ ఏడుపు కోసమే చూస్తాను నేను."

మనలో మన మాట, ఆ ఏడుపు దగ్గరికి వచ్చేసరికి మైకు ముందు గొంతక్క కళ్ళూ తడిసేవి.

ఆమెకు ఒక చెల్లెలు. పుట్టినప్పటి నుంచీ నోరు మూత పడదని ఇంట్లో పిచ్చుక అని పిలిచేవాళ్ళు. తల్లి పోయాక గొంతక్కే పెంచింది. అక్క ఇంట్లో డైలాగులు చదువుకుంటుంటే పిచ్చుక ముక్కాలి పీట ఎక్కి కూర్చుని, డైరెక్టరులా కాలు మీద కాలేసుకుని "వన్ మోర్!" అని అరిచేది. స్టూడియోలో మాట కుదరకపోతే అనే మాట అది, మళ్ళీ చెప్పమని. పోనుపోను అది ఇంటి వాడుక అయింది. పిచ్చుక అబద్ధమాడితే గొంతక్కకు ఇట్టే తెలిసిపోయేది.

"అన్నం తిన్నావా?"

"తిన్నా."

"వన్ మోర్."

"...తినలేదు."

వన్ మోర్ అంటే ఇక నిజమే చెప్పాలి. ఆ ఇంట్లో అంతకు మించిన ఒట్టు లేదు.

అలాంటి పిచ్చుక కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేసే అబ్బాయిని ప్రేమించింది. నెమ్మదస్తుడు, వంచిన తల ఎత్తడు. చిన్నప్పుడు మేనమామ ఇంట్లో పెరిగాడట, బెల్టు దెబ్బలు తిన్నాడట. "అందరికీ నవ్వుతూ కనపడతాడక్కా. తన బాధ మాత్రం నా ఒక్కదానికే చెప్పాడు" అంది పిచ్చుక, ఏదో నిధి దొరికినట్టు. విని గొంతక్క కూడా కొంగుతో కళ్ళొత్తుకుంది. పెళ్ళయింది.

ఆ తర్వాత పిచ్చుక ఫోను కిందపడి పగిలిందన్నారు. మాట్లాడాలంటే మరిది ఫోనుకే చేయాలి, అతను స్పీకరు పెట్టేవాడు. రాకపోకలు తగ్గాయి. ఒకసారి జ్వరమన్నారు, ఒకసారి ఇంటికి రంగులన్నారు. గొంతక్కకు ఒకసారి వెళ్ళి చూసిరావాలనిపించేది. కొత్త కాపురం, నేను పానకంలో పుడక కావడమెందుకని సర్దుకునేది.

"కొంచెం ప్రేమ కలపండి" అన్న రోజున పని ముగించుకుని, పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చి చెల్లెలికి ఫోను చేసింది.

"ఎలా ఉన్నావే?"

"నేను బాగానే ఉన్నానక్కా."

గొంతక్క ఫోనును చెవికి గట్టిగా నొక్కుకుంది. సగం ఊపిరి. పట్టి ఉంచిన సగం. మాటకు ముందు పైకి లేచిన పెదవి కొస. పొద్దున్నే తాను చేసిన పనే, అచ్చం అదే, అవతలి నుంచి తన చెవిలో పడింది. అది ఒక్క రోజులో వచ్చేది కాదని ఆమె కంటే ఎవరికి బాగా తెలుసు? తనకు రావడానికి ఏళ్ళు పట్టింది. పిచ్చుకకు ఎవరు నేర్పారు?

"ఇంకేం వదినగారూ, విన్నారుగా, మీ చెల్లెలు మహారాణిలా ఉంది" అని మరిది నవ్వి ఫోను పెట్టేశాడు.

గొంతక్క ముందుగదిలోకి నడిచింది. "ఏమండీ" అంది. దర్జీ మిషను ఆపాడు. "నా పిచ్చే అంటారేమో. దాని గొంతు బాగాలేదు. అది నవ్వుతోంది, నవ్వుతూ భయపడుతోంది" అంది. ఆయన సూదిలో దారం అలాగే వదిలేసి స్కూటరు తీశాడు. దారంతా ఆమె ఆయన చొక్కా వీపు దగ్గర గుప్పిట్లో పట్టుకునే కూర్చుంది. వెళ్ళి ఏమనాలి? ఏమని అడగాలి? ఊపిరి బాగాలేదు, మా చెల్లిని పంపించు అనా?

పెద్ద మేడలో మూడో అంతస్తు. తలుపు మరిదే తీశాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"రండి వదినగారూ, రండి అన్నయ్యగారూ. చెప్పకుండా వచ్చారే! కూర్చోండి, టీ పెడతాను."

అంటూనే వాళ్ళ వెనక తలుపు మూసి, తాళం తిప్పి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. అతి మామూలుగా, జేబురుమాలు పెట్టుకున్నట్టు. ఇంట్లోకి వచ్చిన చుట్టాలకు లోపలి నుంచి తాళమేస్తారా ఎవరైనా?

"పిచ్చుకేదీ?"

"పడుకుంది."

పడకగది తలుపుకు బయటివైపు కొత్త గడియ ఉంది. మరలు ఇంకా మెరుస్తున్నాయి. దర్జీ దాన్ని చూశాడు, భార్య వైపు చూశాడు, నడిచి వెళ్ళి గడియ తీశాడు. "అన్నయ్యగారూ!" అని మరిది ఒక్క అరుపు అరిచాడు. గాజు గ్లాసు పగిలినట్టున్న ఆ అరుపుకు గొంతక్క పై ప్రాణాలు పైనే పోయాయి.

లోపల మంచం వారన పిచ్చుక. బుగ్గ కమిలి ఉంది. ఒక చేత్తో రెండో చేతి మణికట్టు కప్పుకుని నిలబడింది.

అంతే, మరిది కూలబడ్డాడు. గడప దగ్గర, నేల మీద, రెండు చేతుల్లో ముఖం దాచుకుని. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారే, అదీ. "నాకెవరూ లేరు వదినగారూ. చిన్నప్పటి నుంచీ అందరూ వదిలేసినవాళ్ళే. ఇది కూడా పోతే నేను చచ్చిపోతాను. అందుకే... అందుకే..." ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. గొంతులు వినే మనిషి, గొంతక్క ఆ మాత్రం పోల్చుకోగలదు. నిజంగానే ఏడుస్తున్నాడు. నిజంగానే ఎవరో కొట్టి పెంచారతన్ని.

ఆ క్షణంలో గొంతక్కకు అతన్ని చూసినదానికంటే తనను తాను చూసుకునే ఎక్కువ భయమేసింది. ఎందుకంటే ఆమె గుండె కరిగింది. అయ్యో పాపం అనిపించింది! చెల్లెలి కమిలిన బుగ్గ కళ్ళముందుండగా, తాళంచెవి అతని జేబులో ఉండగా, అయ్యో పాపం. సరిగ్గా ఇక్కడే కదా మైకు ముందు తను రోజూ ప్రేమ కలిపేది.

"పర్లేదక్కా" అంది పిచ్చుక. "ఆయన ఇప్పుడు సర్దుకున్నారు. నేను బాగానే ఉన్నాను. మీరు వెళ్ళండి." పెదవి కొస పైకి లేచింది.

గొంతక్క పోలీసులను పిలుస్తాననాలి, పద బయటికి అనాలి. ఒక్కటీ రాలేదు. అరుపులన్నీ అమ్మేసుకున్న మనిషి ఆమె. ఎక్కడో అడుగున మిగిలిన ఒకే ఒక మాట, అదీ గుసగుసలా బయటికొచ్చింది.

"వన్ మోర్."

పిచ్చుక అక్క వైపు చూసింది. పైకి లేచిన పెదవి కొస మెల్లగా కిందికి దిగింది. పట్టి ఉంచిన ఊపిరి మొత్తం వదిలేసింది.

"భయమేస్తోందక్కా. చంపేస్తాడు."

నేల మీద ఏడుస్తున్నవాడు ఏడుపు ఆపాడు. తుడిచేసినట్టు ఆగిపోయింది. తలెత్తి పిచ్చుక వైపు చూసిన ఆ చూపు చూసి గొంతక్క అరిచింది.

ఎలాంటి అరుపు! దెయ్యాలకూ శవాలకూ అమ్మిన అరుపులన్నీ వడ్డీతో తిరిగొచ్చాయి. ఆపలేదు, ఊపిరి తీసుకుని మళ్ళీ అరిచింది. పైన తలుపు తెరుచుకుంది, కింద తలుపు తెరుచుకుంది, మెట్ల మీద చెప్పుల చప్పుళ్ళు. "ఏమైంది? ఎవరది? తలుపు తీయండి!" అని ఎవరో దబదబా బాదారు. మరిది ముఖం పాలిపోయింది. అందరికీ మంచివాడు కదా! చొక్కా గుండీ సర్దుకుని, ముఖం తుడుచుకుని, తాళంచెవి తీసి తనే తలుపు తెరిచాడు. దర్జీ మరదలి భుజం మీద చెయ్యేసి, అంతమంది మధ్య నుంచి నడిపించుకుని వచ్చేశాడు. చెప్పులు కూడా తొడుక్కోనివ్వలేదు.

పోలీసులకు ఫిర్యాదు కాగితం ఇచ్చారు. అయినా భయం వదిలిందా? వీధిలో స్కూటరు ఆగితే ముగ్గురూ తలెత్తేవాళ్ళు. పిచ్చుక కిటికీ దగ్గర కూర్చోవడం మానేసింది. గొంతక్క గొంతు పూర్తిగా పోయి, చాలా రోజులు చేతులతోనే మాట్లాడింది. దర్జీ ఉప్పునీళ్ళ గ్లాసుతో పాటు తలుపుకు లోపలివైపు ఒక గడియ కూడా తెచ్చి బిగించాడు.

గొంతు తిరిగొచ్చాక ఒక సాయంత్రం గొంతక్క వంటింట్లోంచి వచ్చేసరికి పిచ్చుక టీవీ ముందుంది. తెర మీద మచ్చబాబు. పిచ్చుక కళ్ళనిండా నీళ్ళు. గొంతక్కకు ఒళ్ళు మండింది.

"ఛీ! ఇంత జరిగాక కూడా వీణ్ణి చూసి ఏడుస్తావుటే? సిగ్గులేదూ?"

పిచ్చుక కళ్ళు తుడుచుకోలేదు. చేతిలోని రిమోటు చూపించింది. "ఇది నా చేతిలో ఉందక్కా. భయమేస్తే ఆపేస్తాను. ఆ ఇంట్లో ఆపడానికి ఏమీ లేదు" అంది.

అప్పుడే ఎవరో తలుపు కొట్టారు.

పిచ్చుక బొమ్మలా బిగుసుకుపోయి టీవీ గొంతు నొక్కేసింది. తెర మీద అమ్మాయి పెదవులు మాత్రం కదులుతున్నాయి. ముందుగదిలో మిషను ఆగింది. గొంతక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని, నిండా ఊపిరి తీసుకుని, ఏమీ కలపకుండా గట్టిగా అరిచింది.

"ఎవరదీ?"

"నేనేనమ్మా, ప్యాంటు కోసం" అన్నాడు ఎవరో ముసలాయన, హడలిపోయి.