ఒవీతి రక్తం తాగిన దోమలు

అబొన్యోని ఊళ్ళో అంతా దోమల మంత్రసాని అని ఏడిపించేవారు. విక్టోరియా సరస్సు ఒడ్డున మలేరియా ల్యాబులో ఆమెకు పని. పిల్లల రక్తం తాగించిన దోమల పొట్టలు సూదులతో విప్పి, మలేరియా క్రిమి పట్టిందో లేదో చూడాలి.

ఆమె కన్న పిల్లలు కన్నట్టే పోతుంటే, చావు కన్ను పడకుండా తర్వాతివాడికి ఒవీతి అని పేరు పెట్టారు. పారేసినవాడని అర్థం. వాడు రాయిలా పెరిగాడు. జ్వరమన్నది ఎరగడు.

చెల్లెలు అకోత్ పుట్టాక అత్తగారు, "పిల్లను వాడి పక్కనే పడుకోబెట్టవే. వాడి గట్టిదనం దీనికీ అంటుతుంది" అంది. అబొన్యోకీ అది సబబే అనిపించింది. ఉన్న ఒక్క దోమతెర మీదా అత్తగారు ఒమేనా చేపలు ఎండబెట్టుకుంటోంది. దోమలతో పనిచేసే మనిషికైనా బుద్ధి ఉండొద్దూ? లేకపోయింది.

ఒవీతి తండ్రితో చేపలవేటకు దీవికి వెళ్ళినప్పుడు అకోత్‌కు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో వేలు పొడిచి రక్తం తీసేసరికే పిల్ల చేజారిపోయింది.

ఆ తర్వాత బడిపిల్లల రక్తం ల్యాబుకు వచ్చింది. ఒక పిల్లాడి రక్తం తాగిన దోమల్లో దేని పొట్ట విప్పినా క్రిమి తిత్తులే.

"ఈ క్రిమిలో ఒక జన్యువు మీటలాంటిది" అంది ల్యాబు డాక్టరమ్మ. "అది పడితే కొన్ని క్రిములు జ్వరం తేవడం మాని, దోమ కోసం కాచుక్కూర్చుంటాయి. పిల్లాడు హాయిగా ఆడుకుంటూనే ఉంటాడు. వాణ్ణి కుట్టిన దోమ పక్కనున్న పసివాళ్ళకు అంటిస్తుంది. వాళ్ళకు వారాల తర్వాత జ్వరం ముంచుకొస్తుంది."

"ఎవరి పిల్లాడమ్మా?"

"మీ ఒవీతే. పాప రక్తం కూడా చూశాం అబొన్యో. రెండిట్లోనూ ఉన్నది ఒకే క్రిమి."

అబొన్యో చేతిలో సూది బల్ల మీద పెట్టేసింది. పక్కన పడుకోబెట్టింది తనే.

సాయంత్రం ఒవీతికి మాత్రలిచ్చింది. వాడు మింగి, అక్కడే నిలబడ్డాడు.

"నేను దీవికి పోకుండా ఉంటే చెల్లి బతికేది కదమ్మా? నా పక్కన పడుకుంటే నా బలం వచ్చేదంట. నాన్నమ్మ రోజూ అంటోంది."

"కాదు నాన్నా."

"మరెందుకు చచ్చిపోయింది?"

వదిలివెళ్ళానని ఏడ్చేవాడు ఏనాటికైనా తేరుకుంటాడు. పక్కన పడుకున్నందుకే పోయిందని తెలిస్తే ఇక మనిషి కాడు. అబొన్యో వాణ్ణి దగ్గరకు లాక్కుంది. తను వెళ్ళినందుకేనని వాడు అనుకున్నాడు. ఆమె అనుకోనిచ్చింది.

వాడు ఒళ్ళో తల పెట్టుకుని, "ఇంకెప్పుడూ ఎవర్నీ వదిలి వెళ్ళనమ్మా" అని ఏడ్చాడు.