తెరవనియ్యని పెట్టె

రవళి కోరుట్లలో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరింది. హాజరు పిలిచినప్పుడు ఆమె గొంతు పక్క బెంచీకి కూడా అందదు. లేచి నిలబడితే తప్ప సారుకు వచ్చినట్టు తెలియదు. ఊరికి వెళ్ళే కథలాపూర్ బస్సులో మాత్రం కిటికీ పక్కన కూర్చుని, చున్నీ చాటున ఫోన్ పెట్టుకుని, బొటనవేలితో కథ రాస్తూనే ఉంటుంది. టీవీ సీరియల్లో హీరో దుబాయిలో చనిపోయాడు. రవళి కథలో అతను చావలేదు. ఫోన్లో కథల యాప్‌లో మారుపేరుతో పెడుతుంది గనక, ముందు బెంచీ పిల్లలు ఆ కథ గురించే మాట్లాడుకుంటున్నా తల వంచుకుని వింటుందే తప్ప తనదని చెప్పదు.

చదువురాని తల్లి రాజమణికి ఆ సీరియలంటే ప్రాణం. ఒక ఆదివారం బీడీలు చుడుతూ, "సీరియల్ల సచ్చినోడు ఫోన్ల బతికే ఉన్నడట గద, సదివి ఇనిపియ్యి బిడ్డ" అంది. రాసింది తానేనని చెప్పకుండా రవళి చదివింది. కథలో దుబాయి నుంచి వచ్చిన హీరో శవపేటిక తెరిచి చూస్తే, అందులో ఉన్నది వేరే మనిషి. రాజమణి చేతిలో తునికాకు ఆగిపోయింది.

"పెట్టె తెరిసి సూసిండ్రా?"

"సూసిండ్రు."

"నిరుడు మీ నాయిన అచ్చిన పెట్టె మనల తెరువనియ్యలే గద."

రవళి ఫోన్ ఆర్పేసింది. "గిది ఉత్త కథనే అమ్మా" అంది, హాజరు పలికే గొంతుతోనే. ఆనాటి నుంచి వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా రాజమణి తలెత్తి చూస్తోంది. తరువాతి భాగం ఎప్పుడని చదివేవాళ్ళు అడుగుతున్నారు. అతన్ని మళ్ళీ చంపడానికి రవళికి చేతులు రావడం లేదు.