అలవాటు కానివాళ్ళు

ఈ ఉదయం ఇంటి యజమాని తాళాల గుత్తి ఊపుకుంటూ మెట్లెక్కాడు. ఆ గలగలకు సుగుణక్క గుర్తొచ్చింది. వెనకే కోపం వచ్చింది.

సుగుణక్క మేం బతకడానికొచ్చిన మరమగ్గాల వాడ బమ్రోలిలో కర్రీ పాయింట్ నడిపేది. జంతుశాస్త్రంలో డిగ్రీ చదివింది. నలభై దాటిన నాకు అక్షరాలు నేర్పింది ఆమే. ఒక సాయంత్రం నేను అక్షరాలు దిద్దుతుంటే ట్యూబులైటు చుట్టూ రెక్కల పురుగొకటి తిరుగుతోంది. అక్క దాని దగ్గర తాళాల గుత్తి ఆడించింది. పురుగు రెక్కలు ముడిచి నేలమీద పడింది.

“గబ్బిలం వచ్చిందనుకుంది. మనకు వినబడని సన్నటి కూత పెట్టుకుంట గబ్బిలం వేటాడ్తది. అసొంటి సప్పుడు ఈ తాళాలల్ల గూడ ఉంటది. దీని చెవులు తలకు కాదు, ఒంటికి ఉంటయ్.”

“తిప్పలు పడంగ పడంగ మొలిసినయేమో అక్కా.”

అక్క నా పలక లాక్కుంది. “తిప్పలు పడితే చెవులు మొలుస్తయానే? వినబడనియి గబ్బిలాల కడుపులకు పోయినయ్. జరంత వినబడ్డయి మిగిలి గుడ్లు పెట్టినయ్. గిట్ల లక్షల ఏండ్లు నడిసింది. మిగిలినదాన్ని సూసి మురుస్తవ్, పోయినదాన్ని ఎవలడుగుతరు?”

మా ఆయన మల్లేశం మరమగ్గం నడిపేవాడు. అదే షెడ్డులో నేను దారం బాబిన్లు చుడతాను. మగ్గాల మోతకు అతనికి వినికిడి తగ్గుతోందని తెలిసి, అక్క షెడ్డు యజమాని సేఠ్ దగ్గరికెళ్ళి పనివాళ్ళ చెవులకు బిరడాలు కొనివ్వమని అడిగింది.

“ఇన్ లోగోంకో ఆదత్ హో గయీ హై, బెహన్,” అన్నాడు సేఠ్ నవ్వుతూ. అలవాటైపోయిందట.

“జిన్‌కో నహీ హుయీ, వో కహాఁ హైఁ?” అంది అక్క. అలవాటు కానివాళ్ళు ఎక్కడున్నారని.

మల్లేశం పని పోతుందని భయపడ్డాను. “ఈమెకు పిచ్చి సేఠ్, మాఫ్ కరో,” అని అక్కను బయటికి గుంజుకొచ్చాను.

ఆ వానాకాలం, షెడ్డు ముందు వెనక్కొస్తున్న టెంపో హారన్ మల్లేశానికి వినబడలేదు. శవం దగ్గర సేఠ్, “మంచివాడు, ఎన్నడూ నోరెత్తలేదు,” అన్నాడు. నేనూ ఎత్తనియ్యలేదు. ఆ కోపం సేఠ్ మీదా, నా మీదా ఉంది. పిచ్చిదన్నందుకు క్షమించమని అడగకముందే అక్క జ్వరంతో పోయింది.

ఈమధ్య షెడ్డులో కొత్తగా చేరిన అమ్మాయి మగ్గాల మోతకు చెవులు మూసుకుంది. “రెండు నెలలైతే అలవాటైతది పోరీ,” అన్నాడు మేస్త్రీ.

సుద్దముక్క తీసి షెడ్డు తలుపు మీద మల్లేశం పేరు రాశాను. దాని కింద, చెవులు పోయి ఊరెళ్ళిన నర్సయ్య, రాజయ్యల పేర్లు.

“వీళ్ళెవలు పెద్దమ్మా?” అనడిగింది ఆ అమ్మాయి.

“అలవాటు కానోళ్ళు బిడ్డా.”

మేస్త్రీ తుడిచేశాడు. మరునాడు ఇంకా పెద్ద అక్షరాలతో రాశాను. రోజూ తుడుస్తున్నాడు. రోజూ రాస్తున్నాను.