తలకట్టు కింద సందు

సికింద్రాబాదులో రాత్రి బండి ఎక్కేటప్పుడు నా సామాను ఒక బట్టల సంచి, ఒక పెద్ద అట్టపెట్టె. ఆ పెట్టెలో నేను ఏడాదిగా గీసిన తెలుగు అక్షరాలున్నాయి. ఎదురు బెర్తు మీద గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన పెట్టెను చాలాసేపు చూసి అడిగారు.

"లోపల వీణా అమ్మా?"

"కాదండి, అక్షరాలు."

"అక్షరాలకి అంత పెట్టెందుకమ్మా? బుర్రలో పట్టవా?"

ఆయనకు నా చదువు గురించి చెప్పాను. గ్రాఫిక్ డిజైన్ ఆఖరి సంవత్సరం. డిప్లొమా కోసం ఒక కొత్త అచ్చక్షరాల వరస తయారుచేయాలి. నేను చర్చి పాటల పుస్తకానికి పనికొచ్చే పెద్దక్షరాలు ఎంచుకున్నాను. మా మాస్టారు వాటిని గోడకు పెట్టించి, దూరంగా నిలబడి చూసి, "చూడటానికి బాగున్నాయి. చదవటానికి ఎలా ఉన్నాయో మాత్రం నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. కళ్ళు కష్టపడేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు" అన్నారు. వచ్చే నెలలో పరీక్ష. అందుకే పర్చూరులో ఉన్న మా పెద్దమ్మ దగ్గరికి బయలుదేరాను.

తెల్లారేసరికి గుంటూరు. స్టేషను బయట ఇడ్లీ తిని బస్టాండుకు రిక్షాలో వెళ్ళాను. ఫిబ్రవరి చివర్లో గుంటూరు వెళ్ళేవాళ్ళు జేబురుమాలు చేతిలో పెట్టుకోవడం మంచిది. మిర్చి లారీలు వరసకట్టి వస్తుంటాయి, ఊరంతా తుమ్ముతూ ఉంటుంది. చిలకలూరిపేట మీదుగా పర్చూరు బస్సు ఎక్కితే కిటికీ అవతల నల్లరేగడి, ఏరగా మిగిలిన పత్తి, కల్లాల్లో ఎండబోసిన మిరపకాయలు. నా పెట్టెను కండక్టరు బస్సు మీదికి ఎక్కించమన్నాడు. ఒళ్ళోంచి వదలనన్నాను.

మా పెద్దమ్మ సువార్తమ్మ రిటైరైన టీచరు. పర్చూరు చర్చిలో ఆడవాళ్ళ కూడిక ఆవిడే నడుపుతుంది. కూలికి వెళ్ళే ఎందరో ఆడవాళ్ళకు సాయంత్రాలు అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే. బస్టాండులోనే నన్ను పట్టుకుని, "ఏమే రూతూ, చిక్కిపోయావేంటే! ఆ పెట్టె ఇటియ్యి" అంది.

మర్నాడు ఆదివారం. అందరికీ తెలిసిన పాట ఒకటి నా అక్షరాల్లో హైదరాబాదులోనే, నున్నటి ఖరీదైన కాగితం మీద అచ్చు వేయించి తెచ్చాను. ఆరాధన మొదలయ్యే ముందు ఆ కాగితాలు పంచాం. ఒక్కరూ ఎక్కడా ఆగలేదు. ముసలివాళ్ళు సైతం గడగడా పాడేశారు. వెనక బల్ల దగ్గర నిలబడిన నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

అప్పుడే నా పక్క వరసలో ఉన్న ఒకావిడ కాగితం కంటపడింది. ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుని ఉంది.

ఆవిడ పేరు సారమ్మ. ఆరాధన అయ్యాక నేను ఆ సంగతి చెబితే గట్టిగా నవ్వేసింది. "పాట నోటికొచ్చాక కాయితం ఎటుంటే ఏంటమ్మాయ్?"

ఇంటికి వెళ్ళేటప్పుడు పెద్దమ్మ సారమ్మ సంగతి చెప్పింది. ఆ చర్చిలో ఏళ్ళ తరబడి ప్రతి పాటా ఎత్తుకున్నది ఆవిడే. మిరపచేలో కూలిపని చేసుకుంటూనే, పెద్దమ్మ దగ్గర చదువు నేర్చుకుని పాటల పుస్తకమంతా చదివింది. చూపు తగ్గాక కొత్త పాటలు చదవలేక వెనక వరసలోకి జరిగి కూర్చుంది. కళ్ళజోడు ఉన్నా, "ఆ పుస్తకంలో అక్షరాలు గసగసాల్లాగుంటయ్యి టీచరమ్మగారూ" అని మానేసింది.

"వాళ్ళు పాడింది నీ అక్షరాలు కాదే, వాళ్ళ నోట్లో ఉన్న పాట," అంది పెద్దమ్మ. "ఎవరికీ తెలియని పాట కావాలి నీకు."

వచ్చే ఆదివారం పొదిలిలో కోత పండుగ. చుట్టుపక్కల సంఘాల పెద్దలంతా వస్తారు. పెద్దక్షరాలతో కొత్త పాటల పుస్తకం వెయ్యాలా వద్దా అన్నది అక్కడే తేలుస్తారు. ఆ పండుగకు పెద్దమ్మ ఎలాగూ ఒక పాట కట్టాలి. పప్పు ఎనుపుతూనే కట్టేసింది, నేను రాసుకున్నాను.

పదును వానను పంపి మాకు
పంట నిచ్చిన ప్రభువా
సంబరముతో చేరినాము
సన్నిధికి మేమందరం

ఆ తర్వాత ఇంకో రెండు చరణాలు. అప్పట్లో మా పని ఎలా ఉండేదంటే, పెద్దగా గీసిన అక్షరాలను ఫొటో తీయించి చిన్నవి చేయించుకుంటాం. ఆ ఫొటోల్లోంచి ఒక్కో అక్షరం కత్తిరించి అట్ట మీద వరసగా అంటిస్తే పేజీ అవుతుంది. దాన్ని చూసి రేకు మీద బ్లాకు చేస్తారు, బ్లాకుతో ప్రెస్సులో అచ్చు వేస్తారు. పెద్దమ్మ వంటింటి గచ్చు మీద కూర్చుని పాటంతా అంటించి, మొదటి బస్సులో గుంటూరు వెళ్ళాను. బ్లాకు అయ్యేలోపు బస్టాండు దగ్గర గోంగూర పచ్చడితో భోజనం చేశాను. పచ్చడి బాగుంటుంది, మంచినీళ్ళు ముందే పెట్టించుకోండి. సంఘం పుస్తకాలు వేసే చవక కాగితం మీదే అచ్చు వేయించమని పెద్దమ్మ మరీ మరీ చెప్పింది. అలాగే వేయించి, పొద్దు కుంకేలోపు పర్చూరు చేరుకున్నాను.

మరుసటి రోజు పెద్దమ్మా నేనూ వెళ్ళేసరికి ఊరి బయట మిరప కల్లంలో ఆడవాళ్ళు రంగు మారిన తాలుకాయలు ఏరుతున్నారు. సారమ్మ కూడా వాళ్ళలో ఉంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర, ముందుగా తిని చేతులు కడుక్కున్నవాళ్ళకు కాగితాలు ఇచ్చాను. సారమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, కాగితం ఎండకు పట్టి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"వదును... వానను వంపి మాకు... వంట నిచ్చిన ప్రభువా."

పక్కనున్నావిడ అన్నం ముద్ద చేతిలో పట్టుకునే నవ్వింది. "వంట కూడా ప్రభువే చేసిపెడితే ఇంకేం కావాలే! రేపట్నుంచి నేను పొయ్యి ముట్టించను."

"ఉండవే. నంబరముతో చేరినాము..."

"ఏం నంబరు? బస్సు నంబరా?"

కల్లమంతా గొల్లుమంది. పెద్దమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వేదాన్నే, సారమ్మ మొహం చూడకపోతే. ఆవిడ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టింది.

"నా కళ్ళు పోయినయ్యిలే అమ్మాయ్. నీ తప్పేం లేదు," అంది. మళ్ళీ తాలుకాయల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

ఇంటికొచ్చి అచ్చుకాగితం కింద పెట్టి భూతద్దంతో చూశాను. ప చూశాను, స చూశాను. అప్పుడు తెలిసింది.

తెలుగులో ప, స, ష, హ లాంటి కొన్ని అక్షరాలకు తలకట్టు అక్షరాన్ని తాకదు. మధ్యలో సందు ఉంటుంది. వ, న లకు తలకట్టు అతుక్కుని ఉంటుంది. ఆ సందును నేను వెంట్రుకవాసిగా, నాజూగ్గా గీశాను. ఖరీదైన కాగితం మీద అది అందంగానే నిలిచింది. చవక కాగితం మీద సిరా పాకి సందు పూడిపోయింది. ప కాస్తా వ అయింది, స కాస్తా న అయింది. సారమ్మ కళ్ళు కాగితం మీద ఉన్నదాన్ని ఉన్నట్టే చూశాయి. తలకట్టు బదులు గుడి ఉన్న 'పి'లో సందు పెద్దది, అది పూడలేదు. 'ప్రభువా' దగ్గర తడబడలేదు, ఆ మాట ఆవిడకు నోటికి వచ్చు కాబట్టి.

"పెద్దమ్మా! ఆవిడ కళ్ళు పోలేదు!" అని వంటింట్లోకి పరిగెత్తాను.

"సరే, అరవకు. ఏం చేస్తావో చెప్పు."

ఆ అక్షరాలన్నీ మళ్ళీ గీశాను. తలకట్టును పైకి లేపాను. చాలదనిపించి ఇంకా లేపాను. అక్షరంలోని అసలు గీతను కూడా సందు పక్కన కొంచెం సన్నం చేశాను. పెద్దగా గీసినప్పుడు చూస్తే వికారంగా ఉంది, గాలికి టోపీ లేచిపోతున్నట్టు. ఏడాది పాటు అందం కోసం గీసిన చెయ్యి అలా గీయడానికి ఒప్పుకోలేదు. ఆ చవక కాగితం మీద సిరా చుక్క వేసి, అది ఎంత పాకుతుందో చూసి, అంత సందూ అదనంగా వదిలాను.

శుక్రవారం పొద్దున్నే పెద్దమ్మా నేనూ ఒంగోలు బస్సెక్కాం. బస్టాండుకు దగ్గర్లోని లాడ్జిలో దిగాం. గది చిన్నదే గానీ నీళ్ళు బాగా వచ్చాయి. స్టూడియోలో ఫొటోలు చేయించి, తప్పు అక్షరాల మీద కొత్తవి అంటించి, బ్లాకులు కూడా చేసే ఒక ప్రెస్సుకు తీసుకెళ్ళాం. ప్రెస్సు యజమాని అట్టను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు.

"అమ్మా, తలకట్లు ఎగిరిపోయినయ్యి. కిందికి జరిపి అంటించుకు రండి. మా ప్రెస్సుకు చెడ్డపేరు."

"జరపనండి. అలాగే చెయ్యండి."

"బ్లాకు చేశాక తప్పంటే నేనేం చెయ్యలేను."

"తప్పనను."

ఆ మాట అనేశాను గానీ బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ ప్రెస్సు తలుపు వైపే చూస్తూ ఉన్నాను. ఇంకోసారి చేయించే వ్యవధి లేదు. పెద్దమ్మ సోడా కొనిచ్చింది, తాగలేకపోయాను. శనివారం మధ్యాహ్నం చవక కాగితం మీద వేసిన మొదటి ప్రతిని తడి ఆరకుండానే యజమాని స్వయంగా పట్టుకొచ్చారు. నా ముందు పెట్టారు. ఎగిరిపోయిన తలకట్టు ఒక్కటీ లేదు. సిరా పాకి ప్రతి తలకట్టునూ దాని చోటికి దించింది. సందు మాత్రం పదిలంగా ఉంది. ప అంటే ప, స అంటే స.

"మీరు కావాలనే అలా గీశారా?" అని అడిగారు.

"అవునండి," అన్నాను. అంత హాయిగా ఆ మాట ఇంతకు ముందెప్పుడూ అనలేదు.

ఆదివారం పొద్దున ఒంగోలు బస్టాండులో పర్చూరు ఆడవాళ్ళు దిగారు. సారమ్మ కూడా వచ్చింది. పొదిలి బస్సులో నా పక్కనే కూర్చుంది. చీమకుర్తి దాటాక ధైర్యం చేసి కొత్త కాగితం ఇచ్చాను.

"మళ్ళీ ఏంటికమ్మాయ్, నవ్వులపాలు కావటానికా?"

"ఈసారి నేను నవ్వులపాలవుతాను, మీరు కాదు."

తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుంది. బస్సు కుదుపులకు కాగితం ఊగుతోంది. ఆవిడ పెదవులు కదిలాయి, చప్పుడు మాత్రం లేదు. చివరిదాకా చూసి, మడిచి, జాకెట్టులో దోపుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పొదిలి చర్చి నిండిపోయింది. ముందు బల్ల మీద మిర్చి గంపలు, కందులు, సజ్జ కంకులు, గుమ్మడికాయలు. కొత్త పాట ఉందని పాస్టరుగారు చెప్పి కాగితాలు పంచారు. పాట ఎత్తుకోవాల్సింది పెద్దమ్మ. ఆవిడ లేవబోయేలోపే, ఆడవాళ్ళ వైపు మధ్యలోంచి సారమ్మ లేచింది. కొంగు సర్దుకుంది. కాగితం రెండు చేతులతో పట్టుకుంది.

"పదును వానను పంపి మాకు..."

ఆ గొంతు ఒక్కటే పాడగా వినడం నాకు అదే మొదటిసారి. ఎక్కడా తడుముకోలేదు. "పంట" అన్నప్పుడు ఆ 'ప' చర్చి కప్పుకు తగిలింది. "సంబరముతో" దగ్గర తలెత్తి నా వైపు చూసి, కావాలనే ఆ 'సం' ను సాగదీసింది. కల్లంలో నవ్విన ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు, ఈసారి కళ్ళు తుడుచుకుంటూ. రెండోసారి ఎత్తుకునేసరికి చర్చి అంతా అందుకుంది. ఎవరికీ తెలియని పాట, కాగితం చూసి, ముసలివాళ్ళతో సహా! పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే గాజుల అచ్చు పడింది.

భోజనాల దగ్గర సంఘ పెద్దలు పుస్తకం వేయడానికి ఒప్పుకున్నారు. ఈ అక్షరాలతోనే. సారమ్మ విస్తరి ముందు కూర్చుని, "రెండో పాట కూడా నేనే ఎత్తుకుంటానని చెప్పండి టీచరమ్మగారూ," అని గట్టిగా కేకేసింది.

సాయంత్రం ఒంగోలు దాకా బస్సంతా పాటే. కండక్టరు టికెట్లు కొట్టడం అయ్యాక తనూ ఒక కాగితం అడిగి తీసుకున్నాడు. ఒంగోలు స్టేషనులో అందరూ నన్ను హైదరాబాదు బండి ఎక్కించి వెళ్ళారు. పొదిలి మీదుగా ఎవరైనా వెళితే మాఘ ఫాల్గుణాల్లో వెళ్ళమంటాను. ఎండ ఇంకా ముదరదు, కల్లాలు ఎర్రగా ఉంటాయి, మనుషులు మనసులో మాట మొహం మీదే చెబుతారు.

బండి కదిలాక పక్క సీటు ఆవిడ, ఎవరో పెద్దావిడ, నా ఒళ్ళో ఉన్న కాగితం అందుకుంది. కిటికీ దగ్గర మసక వెలుతురు. కళ్ళజోడు కోసం సంచి వెతకబోయి, మానేసి, అలాగే చదివేసింది. మొదటి చరణం, రెండోది, మూడోది.

"చక్కగా ఉందమ్మా. ఎవరు కట్టారు ఈ పాట?" అంది.

అక్షరాల గురించి ఒక్క మాట కూడా అనలేదు. అవి అక్కడ ఉన్నట్టే ఆవిడ గమనించలేదు. "మా పెద్దమ్మండి," అని చెప్పి, పట్టలేని ఆనందంతో మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.