పోతున్నా, అన్నా

సత్తుపల్లి కోర్టు బార్ లైబ్రరీలో మధ్యాహ్నం రెండు దాటితే ఎవరికైనా కునుకు పడుతుంది. నాకైతే తప్పదు. బయట ఎండ, లోపల పాత కాగితం వాసన. దూరంగా ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ దబ్బుమంటే బీరువాలు సన్నగా వణుకుతాయి. పుస్తకాల మీది దుమ్ము లేచి కిటికీ వెలుగులో చాలాసేపు తేలుతుంది. "పెద్దమనుషులు ఒత్తిగిలిండ్రు మేడం," అంటాడు తుల్సీరాం ఆ పుస్తకాలను చూపించి.

తుల్సీరాం అక్కడ అటెండరు, వేంసూరు దగ్గరి తండా మనిషి. ముప్పై ఏళ్లుగా తీర్పుల పుస్తకాలను చూసుకుంటున్నాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఏ తగువు ఏ పుస్తకంలో ఉందో అట్ట రంగును బట్టి, చెదలు కొట్టిన మూలను బట్టి చెప్పేస్తాడు. వకీళ్లు మాటిమాటికీ అడిగే పేజీలో తునికాకు ముక్క పెట్టి ఉంచుతాడు.

నేను కొత్తగా నల్లకోటు వేసుకొచ్చిన రోజు, "మీ కేసుకు చుట్టమెవరు మేడం?" అని అడిగాడు. పెళ్లిచూపులా ఇవి, అని నాకు ఒళ్లు మండింది. తర్వాత తెలిసింది, అసలు పని అదేనని. చట్టంలో ఒక్క వాక్యం ఉంటుంది. అది మన పొలం గట్టు మీదికొచ్చి ఎలా నడవాలో చెప్పదు. ఇలాంటి తగువే ఎప్పుడో ఇంకెవరిదో హైకోర్టు దాకా పోయి ఉంటుంది. అదే మన కేసుకు చుట్టం. అక్కడ తేల్చిన మాటకు కింది కోర్టులు కట్టుబడాలి. ఆ మాట మనకు ఎదురైతే, మా సంగతి వేరని చూపించుకోవాలి.

ఒకరోజు తుల్సీరాం వాళ్ల అక్క సోమ్లిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె రెండెకరాలు పక్క రైతు రూప్లా పొలం వెనకాల ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా అతని గట్టు మీదుగానే నడిచింది. ఈమధ్య రూప్లా పామాయిల్ మొక్కలు పెట్టి, కంచె వేసి, దారి మూసేశాడు. చుట్టూ తిరిగి పోదామంటే మధ్యలో వాగు. వానాకాలం దాటలేదు. దారి పోతే పంట పోయినట్టే.

ఎవరూ ఆపకుండా, ఎవరి అనుమతీ లేకుండా, ఇరవై ఏళ్లు బాహాటంగా నడిస్తే ఆ దారి మీద హక్కు వస్తుంది. అనుమతి మీద నడిస్తే మాత్రం వందేళ్లయినా రాదు. దావా వేసి, ఈ సంగతి సోమ్లికి నూరుసార్లు చెప్పాను.

సోమ్లి బోనెక్కిన రోజు అవతలి వకీలు మెత్తగా అడిగాడు. "అమ్మా, పరాయి పొలంలోంచి అడక్కుండానే పోయేదానివా?"

సోమ్లికి రోషం వచ్చింది. "అడగకుంట ఎట్ల పోతనయ్యా? మాకు మర్యాద లేదా? రోజూ అడిగే పోయేదాన్ని."

అయిపోయింది. అడిగానన్న ఆ మాట రికార్డులో అనుమతిగా దిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ మధ్యాహ్నమే అవతలి వకీలు లైబ్రరీకి వచ్చి, అనుమతి మీద నడిచిన దారి హక్కు కాదన్న తీర్పు కావాలన్నాడు. తుల్సీరాం లేచి, తునికాకున్న పుస్తకం తెచ్చి చేతికిచ్చాడు. ఆయన వెళ్లాక నేను విరుచుకుపడ్డాను.

"దొరకలేదంటే పోయేది కదా! సొంత అక్క కేసు!"

"పుస్తకం అందరిది మేడం. ఇయ్యాల దాస్తే రేపు నా మాట ఎవరు నమ్ముతరు?" బీరువాల వైపు తిరిగాడు. "ఆ తీర్పుకొక తమ్ముడున్నడు."

అంతలో బ్లాస్టింగ్ మోగింది. ఆ దుమ్ములోనే అడుగు అరలోంచి ఆకుపచ్చ అట్ట పుస్తకమొకటి లాగాడు. పదిహేనేళ్ల కింద ఒక ముసలి వకీలు ఆ పేజీ చదివి, కళ్లు తుడుచుకుని నవ్వాడట. అందుకే గుర్తుందట. నేను చదివాను. అదే హైకోర్టు తర్వాత ఒకసారి వేరుచేసి చెప్పింది: దారిన పోతూ మర్యాదకు పలకరించడం అనుమతి కోరడం కాదు.

రూప్లా బోనెక్కిన రోజు నేను ఒక్కటే అడిగాను. "సోమ్లి రోజూ ఏమనేది? ఆమె అన్నట్టే చెప్పు."

రూప్లా కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ల పొద్దులన్నీ వింటున్నట్టు తల పక్కకు వంచాడు. "'పోతున్నా, అన్నా' అనేది."

"'పోనా' అని కాదా?"

"కాదు మేడం. పోతున్నా అనేది. నేను 'అవ్' అనేటోన్ని."

అబద్ధం ఆడొచ్చు, ఆడలేదు. ఆ క్షణం అతనంటే నాకు గౌరవం కలిగింది. తీర్పులో జడ్జిగారు ఆ మాట తెలుగులోనే రాయించారు. 'పోతున్నా' అంటే చెప్పడమే గాని అడగడం కాదు, దారి సోమ్లిదే, అని.

కంచె విప్పిన పొద్దున ముగ్గురం అక్కడికి వెళ్లాం. మంచులో పామాయిల్ ఆకులు తప్ప ఏమీ కనిపించడం లేదు. సోమ్లి గట్టు మీద కాలు పెట్టబోయి ఆగింది.

"పోతున్నా, అన్నా!"

చెట్ల వైపు చెవి పెట్టి నిలబడింది. "ఇక చెప్పక్కర్లేదమ్మా, కోర్టే ఇచ్చింది," అన్నాను. ఆమె కదల్లేదు. తుల్సీరాం తల వంచుకున్నాడు. కేసు మొదలైనప్పటి నుంచి రూప్లా వీళ్లతో మాట్లాడలేదు.

చాలాసేపటికి చెట్ల లోపలి నుంచి గొంతు వినిపించింది. "పో సోమ్లీ, పో."

సోమ్లి కొంగుతో మొహం తుడుచుకుని మంచులోకి నడిచింది. తుల్సీరాం కంగారుగా నా చెవి దగ్గరికి వంగాడు.

"మేడం, ఈ మాట మాత్రం ఎక్కడా రాయకుండ్రి. అనుమతైతది."